కంప్యూటరు ఉన్నట్టుండి రీస్టార్టవుతోందా? బోర్డు మార్చే ముందు గోడ ప్లగ్గు చూడండి

ఏలూరు: దరఖాస్తులో గడులన్నీ నింపి, ఫొటో జతచేసి, రుసుము చెల్లించే సమయానికి కంప్యూటరు తెర ఒక్కసారిగా నల్లబడుతుంది. క్షణాల్లో కంపెనీ గుర్తు కనిపించి యంత్రం మొదటి నుంచి తెరుచుకుంటుంది. కరెంటు పోలేదు, ఎవరూ బటన్‌ నొక్కలేదు. ఖాతాలో సొమ్ము మాత్రం తగ్గి ఉంటుంది, రసీదు ఉండదు. ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాల్లోని నెట్‌ కేంద్రాలు, డీటీపీ దుకాణాలు మొదలుకొని కొల్లేటి లంకల్లో చేపల వ్యాపారుల లెక్కల గదుల వరకు డెస్క్‌టాప్‌ కంప్యూటర్లు వాడేవారందరికీ ఇది పరిచయమైన ఇబ్బందే.

మరమ్మతుకు తీసుకెళ్తే తరచూ వినిపించే మాట ‘బోర్డు పోయింది’. పాత యంత్రానికి మదర్‌బోర్డు మార్చాలంటే దానికి సరిపడే ప్రాసెసరు, ర్యామ్‌ కూడా కొనాల్సి వస్తుంది. దాదాపు కొత్త యంత్రం కొన్నట్టే. అంత ఖర్చుపెట్టి ఇంటికి తెచ్చాక వారం తిరగకముందే మళ్లీ అదే తంతు మొదలైతే ఎవరిని అడగాలో తెలియదు. దుకాణంలో రోజంతా నడిచిన యంత్రం ఇంట్లో గంటసేపు నిలవడం లేదంటే లోపం యంత్రం కంటే అది ఉన్న చోటులోనే ఉండే అవకాశం ఎక్కువ. డెల్టా ప్రాంతంలో ముందుగా అనుమానించాల్సింది కరెంటును. తర్వాత దుమ్మును, తేమను. విడిభాగాల వంతు ఆ తర్వాతే. ఈ వరుసలో వెళ్తే చాలా సందర్భాల్లో ఖర్చు లేకుండానో, ఒక బ్యాటరీ ధరతోనో పని పూర్తవుతుంది.

అసలు ఎందుకు ఆగుతుంది?

గోడ నుంచి వచ్చే 230 వోల్టుల విద్యుత్తును సీపీయూ డబ్బాలోని ఎస్‌ఎంపీఎస్‌ 12, 5, 3.3 వోల్టులుగా మార్చి లోపలి భాగాలకు అందిస్తుంది. ఈ మూడూ సక్రమంగా ఉన్నంతసేపు ‘సరఫరా బాగుంది’ అనే సంకేతాన్ని ఒక ప్రత్యేకమైన తీగ ద్వారా మదర్‌బోర్డుకు పంపుతూ ఉంటుంది. సరఫరా తడబడితే ఆ సంకేతం ఆగిపోతుంది. బోర్డు వెంటనే ప్రాసెసరును నిలిపివేస్తుంది. సరఫరా కుదుటపడగానే సంకేతం తిరిగి వచ్చి, యంత్రం మొదటి నుంచి ప్రారంభమవుతుంది. తప్పుడు వోల్టేజీతో లెక్కలు తప్పకుండా, భాగాలు కాలిపోకుండా యంత్రం చేసుకున్న ఏర్పాటు ఇది.

మన దేశంలో విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాలతో ప్రవహిస్తుంది. ఒక్కో ఆవర్తనానికి పట్టేది 20 మిల్లీసెకన్లు. సరఫరా పూర్తిగా తెగినా 16, 17 మిల్లీసెకన్ల పాటు నెట్టుకురాగల శక్తి ఎస్‌ఎంపీఎస్‌కు ఉండాలన్నది ఏటీఎక్స్‌ ప్రమాణం. అంటే కరెంటు ఒక్క ఆవర్తనం పాటు లేకపోయినా యంత్రం ఆగిపోవచ్చు. ఆ కాస్త వ్యవధిలో ఫ్యాను వేగం తగ్గినట్టు కూడా తెలియదు. ట్యూబ్‌లైటు ఒక్కసారి మిణుకుమంటే అదే ఎక్కువ. ‘కరెంటు ఉంది కదా’ అన్న మాట కంప్యూటరు విషయంలో చెల్లకపోవడానికి కారణం ఇదే.

సమయం రాసిపెట్టుకోవాలి

స్క్రూడ్రైవరు పట్టుకునే ముందు కంప్యూటరు పక్కన ఒక నోటు పుస్తకం ఉంచుకోవడం ఉత్తమం. ఆగిన ప్రతిసారీ తేదీ, గంట, ఆ సమయంలో ఏ పని జరుగుతోంది, ఇంట్లో ఏ మోటారు లేదా ఏ యంత్రం మొదలైందన్నది రాయాలి. వారం రోజులు రాస్తే సగం జబ్బు బయటపడుతుంది.

కైకలూరు, కలిదిండి, ఆకివీడు వైపు ఆక్వా చెరువుల మధ్య ఉన్న ఇళ్లలో ఈ లెక్క మరింత ఉపయోగపడుతుంది. చెరువు నీటిలో ప్రాణవాయువు తెల్లవారుజామున కనిష్ఠ స్థాయికి పడిపోతుంది. రొయ్యల రైతులు రాత్రివేళ ఏరియేటర్లు తిప్పేది అందుకే. మోటారును నేరుగా మొదలుపెట్టినప్పుడు అది మామూలుగా తీసుకునే కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. ఇల్లు, చెరువు ఒకే ట్రాన్స్‌ఫార్మరు మీద ఉంటే ఆ క్షణాన వోల్టేజీ కుంగుతుంది. నోటు పుస్తకంలో అన్నీ రాత్రి వేళలే ఉన్నాయంటే వెతకాల్సింది సీపీయూలో కాదు, లైనులో. ఐస్‌ ఫ్యాక్టరీ, రైసు మిల్లు, వెల్డింగు దుకాణం పక్కన ఉన్నవారికీ ఇదే వర్తిస్తుంది. ఇంట్లో నీళ్ల మోటారు వేసినప్పుడో, ఫ్రిజ్‌ ‘టక్‌’మని మొదలైనప్పుడో ఆగుతుంటే దోషం ఇంటి వైరింగులోనే ఉండవచ్చు.

మధ్యాహ్నం మూడు దాటాకే ఆగుతుంటే వేడిని, కాలు తగిలినప్పుడో బల్ల కదిలినప్పుడో ఆగుతుంటే వదులైన ప్లగ్గును, ఆటలు ఆడేటప్పుడు మాత్రమే ఆగుతుంటే ఎస్‌ఎంపీఎస్‌ సామర్థ్యాన్ని అనుమానించాలి. ఈ చివరిది ఎక్కువగా విద్యార్థుల గదుల్లో కనిపించే ముచ్చట. పాత ఎస్‌ఎంపీఎస్‌ అలాగే ఉంచి కొత్త గ్రాఫిక్స్‌ కార్డు బిగిస్తారు. పాఠాలు చదివేటప్పుడు యంత్రం బుద్ధిగా ఉంటుంది, ఆట మొదలుపెట్టగానే పడిపోతుంది.

ప్లగ్గు నుంచి యూపీఎస్‌ దాకా

తనిఖీ గోడ దగ్గర మొదలుపెట్టాలి. సాకెట్‌లో ప్లగ్గు వదులుగా ఉందా, తాకితే వేడిగా ఉందా, పిన్నులు నల్లబడ్డాయా అన్నది మెయిన్‌ ఆపి చూసుకోవాలి. చవక రకం జంక్షన్‌ బాక్సుల్లో రాగి పట్టీలు కొద్దికాలానికే సాగిపోతాయి. ఒకే బాక్సుకు సీపీయూ, మానిటరు, ప్రింటరు, రౌటరు, ఫోను ఛార్జరు అన్నీ తగిలించడం నెట్‌ కేంద్రాల్లో మామూలే. సీపీయూ వెనుక గుచ్చే పవర్‌ కేబులు కూడా వదులవుతుంది. దాన్ని మరో మంచి కేబులుతో మార్చి చూడటానికి రెండు నిమిషాలు చాలు.

తర్వాత చూడాల్సింది యూపీఎస్‌. కంప్యూటరును కాపాడాల్సిన ఈ పెట్టె వల్లనే యంత్రం ఆగిపోతున్న సందర్భాలు తక్కువేమీ కావు. చిన్న యూపీఎస్‌ల్లో సాధారణంగా 12 వోల్టుల, 7 ఆంపియర్‌ అవర్‌ బ్యాటరీ ఉంటుంది. వేడి ఎక్కువగా ఉండే మన ప్రాంతంలో రెండు, మూడేళ్లకే అది నీరసిస్తుంది. పచ్చ దీపం వెలుగుతూనే ఉంటుంది, లోపల సత్తువ ఉండదు. పరీక్ష సులభం. చేసిన పని భద్రపరచుకుని, యంత్రం నడుస్తుండగా గోడ స్విచ్చి ఆపాలి. కంప్యూటరు వెంటనే పడిపోతే బ్యాటరీ పని అయిపోయినట్టు లెక్క. రెండో పరీక్షగా యూపీఎస్‌ను పక్కనపెట్టి సీపీయూను నేరుగా గోడ ప్లగ్గుకు తగిలించి ఒకటి, రెండు రోజులు నడపాలి. అలా నిలకడగా నడిస్తే దోషి దొరికినట్టే. లైను బాగా ఎగుడుదిగుడుగా ఉన్న ఊళ్లలో, ఉరుములు మెరుపులు ఉన్న రోజుల్లో మాత్రం ఈ రెండో పరీక్ష వద్దు.

యూపీఎస్‌ కరెంటు నుంచి బ్యాటరీకి మారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. కొత్త ఎస్‌ఎంపీఎస్‌ ఆ లోటును తట్టుకుంటుంది. ఏళ్లు గడిచి అందులోని కెపాసిటర్లు బలహీనపడితే అదే లోటును తట్టుకోలేదు. అప్పుడు యూపీఎస్‌ను విడిగా పరీక్షిస్తే బాగానే ఉంటుంది, సీపీయూను విడిగా నడిపితే అదీ బాగానే ఉంటుంది, రెండూ కలిపితే మాత్రం ఆగుతుంది. మెకానిక్‌లు ఒకరి మీద ఒకరు నెపం వేసుకునేది ఇలాంటి సందర్భంలోనే. ఇంటి ఇన్వర్టరు మీద కంప్యూటరు నడిపేవారు దాని వెనుక ఉండే ఎంపిక స్విచ్చిని చూసుకోవాలి. అది ‘యూపీఎస్‌’ అన్న వైపు ఉంటేనే మార్పిడి వేగంగా జరుగుతుంది. ‘నార్మల్‌’ లేదా ‘ఎకో’ అన్న వైపు ఉంటే ఫ్యాన్లకు, దీపాలకు సరిపోతుంది కానీ కంప్యూటరు ఆగిపోవచ్చు.

మరో పొరపాటు లేజర్‌ ప్రింటరును యూపీఎస్‌కు కలపడం. కాగితం మీద పొడిని కరిగించి అంటించేందుకు లేజర్‌ ప్రింటరులో ఒక రోలరు వేడెక్కుతుంది. ఆ సమయంలో అది ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది. 600 వీఏ యూపీఎస్‌ ఆ భారం మోయలేదు. ‘ప్రింటు ఇచ్చిన ప్రతిసారీ కంప్యూటరు ఆగుతోంది, వైరస్‌ పట్టింది’ అని యంత్రాన్ని ఫార్మాట్‌ చేయించుకునేవారున్నారు. ప్రింటరు ప్లగ్గును యూపీఎస్‌ నుంచి తీసి గోడకు మార్చితే సరిపోయే జబ్బు అది. జెరాక్సు యంత్రం విషయమూ అంతే.

ఎర్తింగును మన ఇళ్లలో అందరూ మరచిపోతారు. సీపీయూ డబ్బాను వేలి వెనుక భాగంతో తాకితే సన్నగా షాకు కొడుతోందంటే ఎర్తు లేదనే అర్థం. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి న్యూట్రల్‌కు, ఎర్తుకు మధ్య వోల్టేజీ కొలిపించాలి. అది రెండు, మూడు వోల్టులు మించకుండా ఉండాలని చూస్తారు. ఎక్కువగా ఉంటే న్యూట్రల్‌ వదులుగా ఉండవచ్చు. అది కంప్యూటరుకే కాదు, ఇంట్లోని ప్రతి వస్తువుకూ ప్రమాదమే కనుక వాయిదా వేయరాదు. స్తంభం దగ్గర న్యూట్రల్‌ వదులైందని తేలితే విద్యుత్తు సిబ్బందికే చెప్పాలి, సొంతంగా ఎక్కరాదు.

ఊక, తేమ, బల్లి

కరెంటు బాగుందని తేలాక డబ్బా మూత తీయాలి. ముందుగా ప్లగ్గు పూర్తిగా పీకి, పవర్‌ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కిపట్టి, మిగిలి ఉన్న విద్యుత్తు దిగిపోయేలా చేయాలి. ఎస్‌ఎంపీఎస్‌ పెట్టెను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకూడదు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా దాని కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.

తాడేపల్లిగూడెం పరిసరాల్లో రైసు మిల్లుల దగ్గర ఉన్న గదుల్లోని సీపీయూ తెరిచి చూస్తే తవుడు, ఊక ధూళి తడిగాలికి మెత్తగా అతుక్కుని ప్రాసెసరు మీది అల్యూమినియం రెక్కల మధ్య పరుపులా పేరుకుని ఉంటుంది. గాలి దారి మూసుకుపోతే ప్రాసెసరు ముందు తన వేగం తగ్గించుకుంటుంది. వేడి 100 డిగ్రీల సెంటీగ్రేడు సమీపానికి చేరాక పూర్తిగా ఆగిపోతుంది. వేడి వల్ల ఆగిన యంత్రం చాలావరకు వెంటనే తెరుచుకోదు, కాసేపు చల్లారితేనే నడుస్తుంది. కరెంటు జబ్బుకూ వేడి జబ్బుకూ తేడా పట్టుకోవడానికి ఇదొక గుర్తు.

బ్లోయరుతో దుమ్ము కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో పట్టుకుని ఉంచాలి. లేకపోతే అతివేగంగా తిరిగి బేరింగు దెబ్బతింటుంది. నోటితో ఊదకూడదు, తుంపర పడుతుంది. ప్రాసెసరు ఫ్యానును బిగించే ప్లాస్టిక్‌ కొక్కేలు నాలుగింటిలో ఒకటి ఊడినా అడుగుభాగం ప్రాసెసరుకు సరిగా ఆనదు. పైకి ఫ్యాను తిరుగుతూనే కనిపిస్తుంది. నాలుగేళ్లు దాటిన యంత్రమైతే ప్రాసెసరుకు, రెక్కలకు మధ్య పేస్టు ఎండిపోయి ఉంటుంది. పాతది తుడిచి కొత్తది రాయించాలి. సీపీయూను గోడకు ఆనించి, చెక్క బల్ల అరలో బంధించి, పైన గుడ్డ కప్పి ఉంచేవారు ముందు దాన్ని బయటకు తీస్తే మంచిది. వెనుక జానెడు జాగా ఉండాలి.

కొల్లేటి గ్రామాల్లో తేమ మరో శత్రువు. ర్యామ్‌ ముక్క అంచున ఉండే బంగారు పూత పిన్నుల మీద సన్నని మకిలి పడితే యంత్రం వేళాపాళా లేకుండా ఆగుతుంది. ర్యామ్‌ను తీసి, పిన్నులను పెన్సిలు రబ్బరుతో మృదువుగా రుద్ది, రబ్బరు పొడి దులిపి మళ్లీ ‘టక్‌’మనేలా గుచ్చితే కొన్నిసార్లు అంతటితో సరిపోతుంది. రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కొక్కటే ఉంచి నడిపి చూడాలి. చీమలు, బల్లులు వెచ్చదనానికి లోపల చేరడం, ఎలుకలు తీగలు కొరకడం ఇక్కడ కొత్త కాదు. డబ్బా వెనుక కార్డులు బిగించే ఖాళీ సందులకు రేకు ముక్కలు వేయించడం చవకైన ఉపాయం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటికి చేరినప్పటిలా ఇళ్లలోకి నీరు వచ్చినప్పుడు, యంత్రం నీటిలో మునగకపోయినా గది తడిగా ఉంటే వెంటనే ఆన్‌ చేయకూడదు. మూత తీసి ఫ్యాను గాలికి రెండు, మూడు రోజులు ఆరనివ్వాలి.

ఎవరికీ తట్టని కారణం ఒకటుంది. డబ్బా ముందు భాగంలోని రీస్టార్టు బటన్‌ తుప్పుపట్టో, మకిలి పట్టో లోపల అతుక్కుంటుంది. ఎవరూ నొక్కకుండానే నొక్కినట్టవుతుంది. ఆ బటన్‌ నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే రెండు పిన్నుల చిన్న తీగను ఊడదీసి పక్కన పెడితే చాలు. ఆ బటన్‌ లేకపోయినా పనికి లోటు రాదు.

విండోస్‌ తప్పా, యంత్రం తప్పా?

దీన్ని తేల్చడానికి ఒక చిట్కా ఉంది. యంత్రం తెరుచుకునేటప్పుడు డిలీట్‌ లేదా ఎఫ్‌2 మీటను నొక్కి బయాస్‌ తెరలోకి వెళ్లి, అలాగే అరగంట వదిలేయాలి. అక్కడ విండోస్‌ నడవదు. అక్కడా ఆగిపోతే సాఫ్ట్‌వేరును అనుమానించే పనిలేదు, ఫార్మాట్‌ ఖర్చు మిగిలినట్టే. అక్కడ ఆగకపోతే మాత్రం విండోస్‌ అని నిర్ధారణకు రాకూడదు. ఆ తెరలో యంత్రం మీద భారం తక్కువ. బయాస్‌లోనే ప్రాసెసరు వేడి ఎంతుందో కూడా కనిపిస్తుంది.

విండోస్‌లో లోపం తలెత్తినప్పుడు నీలి తెర వస్తుంది. అయితే ‘లోపం వస్తే తనంతట తానే రీస్టార్టు కావాలి’ అన్న ఏర్పాటు ముందే ఉండటంతో ఆ తెర చదివేలోగానే మాయమవుతుంది. సిస్టమ్‌ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్‌ విభాగానికి వెళ్లి, స్టార్టప్‌ అండ్‌ రికవరీ సెట్టింగ్స్‌లో ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్‌’ ఎదురుగా ఉన్న టిక్కు తీసేస్తే నీలి తెర నిలబడుతుంది. దాన్ని ఫోనుతో ఫొటో తీసి మెకానిక్‌కు చూపవచ్చు. ఈవెంట్‌ వ్యూయర్‌ చిట్టాలో కెర్నెల్‌ పవర్‌ పేరిట 41 సంఖ్య కనిపిస్తే యంత్రం సరైన పద్ధతిలో మూతపడకుండా మళ్లీ మొదలైందని మాత్రమే అర్థం. కారణం అది చెప్పదు. దాంతోపాటు బగ్‌చెక్‌ పేరుతో 1001 కూడా ఉంటే డ్రైవరునో, ర్యామ్‌నో, డిస్కునో చూడాలి. ఒంటరిగా 41 మాత్రమే పదేపదే ఉంటే అనుమానం మళ్లీ కరెంటు వైపే వెళ్తుంది. ర్యామ్‌ పరీక్షకు విండోస్‌లోనే మెమరీ డయాగ్నొస్టిక్‌ అనే సాధనం ఉంది. రాత్రి పెట్టి వదిలేయవచ్చు.

‘వైరస్సే’ అన్న అనుమానం మన మెకానిక్‌లలో బలంగా నాటుకోవడానికి చరిత్ర ఉంది. పశ్చిమగోదావరి జిల్లాలో మహిళా స్వయం సహాయక సంఘాల నిర్వహణలో గ్రామీణ ఈ-సేవ కేంద్రాలు 2002లో మొదలై, పల్లెలకు కంప్యూటరు పరిచయమవుతున్న కాలంలోనే 2003 ఆగస్టులో బ్లాస్టర్‌, మరుసటి ఏడాది వేసవిలో సాసర్‌ అనే వైరస్‌లు ప్రపంచమంతా వ్యాపించాయి. ఇంటర్‌నెట్‌కు కలిపిన కాసేపటికే 60 సెకన్ల లెక్క తెర మీద కనిపించి యంత్రం ఆగిపోయేది. ఆ లోపాలను మైక్రోసాఫ్ట్‌ అప్పట్లోనే సరిచేసింది. నేడు చెప్పకుండా జరిగే రీస్టార్టుల్లో వైరస్‌ వాటా తక్కువ. అప్‌డేట్ల కోసం జరిగే రీస్టార్టయితే ముందుగా సూచన కనిపిస్తుంది. యాక్టివ్‌ అవర్స్‌లో దుకాణం వేళలు నమోదు చేస్తే ఆ గంటల్లో ఆగదు. విండోస్‌ 10కు మైక్రోసాఫ్ట్‌ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిన సంగతిని పాత యంత్రాల యజమానులు గుర్తుంచుకోవాలి.

ఇక మిగిలింది విడిభాగం

ఇవన్నీ చూశాక కూడా ఆగుతుంటే మార్చి చూడాల్సిన మొదటి భాగం ఎస్‌ఎంపీఎస్‌. మల్టీమీటరుతో కొలిస్తే పసుపు తీగ మీద 11.4 నుంచి 12.6, ఎరుపు తీగ మీద 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉండాలి. కానీ క్షణకాలం పాటు పడిపోయే వోల్టేజీ మల్టీమీటరుకు చిక్కదు. బాగా పనిచేస్తున్న మరో యంత్రం నుంచి ఎస్‌ఎంపీఎస్‌ను అరువు తెచ్చి రెండు రోజులు నడపడమే నమ్మదగిన పరీక్ష. కొనేటప్పుడు పెట్టె మీద 450 వాట్లని రాసి ఉన్నదాన్ని నమ్మి, చేతిలో దూదిలా తేలిపోయేది తీసుకోకూడదు. పేరున్న కంపెనీది, రసీదుతో తీసుకోవాలి. కొన్ని రకాలకు వెనుక ఎర్రని స్విచ్చి ఉంటుంది. అది 230 వద్దే ఉందో లేదో చూసుకోవాలి. 115 వైపు జరిపి ప్లగ్గు పెడితే పెద్ద శబ్దంతో పేలుతుంది.

మదర్‌బోర్డు మీద ప్రాసెసరు చుట్టూ నిలువుగా ఉండే చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్ల పైభాగం చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా బోర్డు జబ్బుపడినట్టే. 2000 తర్వాతి కొన్నేళ్లలో నాసిరకం కెపాసిటర్ల వల్ల ప్రపంచవ్యాప్తంగా ఎన్నో బోర్డులు ఇలా పాడయ్యాయి. కెపాసిటర్లను మాత్రమే మార్చి బోర్డును బతికించే పనివారు ఇప్పటికీ ఉన్నారు. ‘బోర్డు పోయింది’ అన్న మాట విన్నప్పుడు ఎక్కడ పోయిందో చూపించమని అడగడంలో తప్పులేదు. మార్చిన పాత భాగాన్ని వెనక్కి తీసుకోవాలి.

ఈ తనిఖీలన్నిటికంటే ముందు చేయాల్సింది ఒకటుంది. లెక్కల ఫైళ్లను, ఫొటోలను పెన్‌డ్రైవులోకి నకలు తీసుకోవాలి. రాస్తుండగా కరెంటు తెగిన ప్రతిసారీ డిస్కులోని ఫైలు చెడిపోయే ప్రమాదం ఉంది, ముఖ్యంగా ఏళ్ల తరబడి ఒకే ఫైల్లో సాగే వ్యాపార ఖాతాలకు. రుసుము కట్టే సమయంలో యంత్రం ఆగితే కంగారుపడి రెండోసారి చెల్లించకూడదు. ముందు బ్యాంకు సందేశం, తర్వాత ఆ వెబ్‌సైట్‌లో చెల్లింపు స్థితి చూసుకోవాలి. లావాదేవీ సంఖ్యను నోటు పుస్తకంలో, ఆగిన గంట పక్కనే రాసుకోవాలి.